హాజరుపట్టీలో ఒక పేరు
అమెరికాలో రోహింగ్యా యువత, ఇంగ్లీషు చదువు: ఒక సింహావలోకనం

షికాగో చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళలో డెవాన్ అవెన్యూ తెలియనివాళ్ళు ఉండరు. 1974లో పటేల్ బ్రదర్స్ తొలి దుకాణం తెరిచింది ఆ వీధిలోనే. కరివేపాకుకీ కందిపప్పుకీ పెళ్ళి చీరలకీ యాభై ఏళ్ళుగా మనవాళ్ళు అక్కడికే వెళ్తున్నారు. ఆ వీధిలో ఒక ముక్కకి గాంధీ పేరు పెట్టారు, ఇంకో ముక్కకి జిన్నా పేరు, మరో ముక్కకి షేక్ ముజీబ్ పేరు. ఉపఖండంలో ఒకచోట ఇమడని పేర్లు అక్కడ ఒకే వీధిలో సర్దుకుపోయాయి. 2016లో ఆ వరసలోకి ఇంకో బోర్డు వచ్చింది: రోహింగ్యా కల్చరల్ సెంటర్. నసీర్ జకారియా అనే రోహింగ్యా శరణార్థి, జకాత్ ఫౌండేషన్ ఆఫ్ అమెరికా సాయంతో మొదలుపెట్టిన చిన్న కేంద్రం అది. పెద్దలకి ఇంగ్లీషు పాఠాలు, పిల్లలకి బడి తర్వాత హోంవర్కు సాయం, ఖురాన్ తరగతులు, ఇంటికొచ్చిన ఉత్తరాలు చదివిపెట్టడం, దరఖాస్తులు నింపిపెట్టడం. లోపల జరిగే పని ఇదే.

పరాయిదేశంలో ఒక సంఘం బోర్డు కట్టుకోవడం వింతేమీ కాదు. మనవాళ్ళు కట్టుకున్నవి ఎన్ని లేవు! అయితే ఈ బోర్డు మీది మొదటి మాటని వాళ్ళ సొంతదేశం ఒప్పుకోదు. 2014లో బర్మా జనాభా లెక్కలు తీసినప్పుడు ‘మీరు ఏ జాతి’ అన్న ప్రశ్నకి ‘రోహింగ్యా’ అని జవాబు చెప్పిన ఇళ్ళని రాసుకోకుండానే గణకులు ముందుకు వెళ్ళిపోయారు. ‘బెంగాలీ’ అని ఒప్పుకుంటేనే కాగితం మీద కలం పెట్టారు. అలాంటి పేరు ఇవాళ షికాగోలో, మిల్వాకీలో బడి రికార్డుల్లో ‘ఇంటి భాష’ అన్న గడిలో ఇంగ్లీషు అక్షరాల్లో కనిపిస్తోంది. ఆ గడిదాకా అది ఎలా వచ్చిందో, వచ్చాక ఏమైందో ఒకసారి వెనుదిరిగి చూద్దాం.

డాక్టరుగారి పదాల పట్టిక

ఇంగ్లీషుకీ రోహింగ్యాలకీ పరిచయం ఇవాళ్టిది కాదు. 1795లో ఈస్టిండియా కంపెనీ మైకేల్ సైమ్స్‌ని బర్మా రాజు దగ్గరికి రాయబారిగా పంపింది. వెంట వెళ్ళిన వైద్యుడు ఫ్రాన్సిస్ బుకానన్. టిప్పు పతనం తర్వాత మైసూరు, మలబారు సీమలు తిరిగి గ్రంథం రాసిన బుకానన్ ఈయనే. ఎక్కడికి వెళ్ళినా మొక్కల పేర్లూ మనుషుల మాటలూ పోగుచేయడం ఆయన అలవాటు. బర్మా రాజ్యంలో వినిపించే భాషల మాటల్ని పక్కపక్కన పేర్చి 1799లో ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ సంపుటంలో అచ్చువేయించాడు. బర్మా పడమటి తీరంలోని అరకాన్‌లో ఎంతోకాలంగా స్థిరపడ్డ ముస్లింలు తమని ‘రూయింగా’ అని చెప్పుకుంటారని అందులో రాశాడు. ఈ పేరు ఇంగ్లీషులోకి ఎక్కింది ఒక భాషల పట్టిక ద్వారానన్నమాట.

ఈ సంగతికి తర్వాత పెద్ద విలువే వచ్చింది. 1982లో బర్మా సైనిక ప్రభుత్వం తెచ్చిన పౌరసత్వ చట్టం, 1823కి ముందునుంచీ ఆ గడ్డ మీద ఉన్న జాతులకే పుట్టుకతో పౌరసత్వం అంది. గుర్తింపు పొందిన జాతుల లెక్క 135కి తేలింది. అందులో రోహింగ్యాలు లేరు. 1823కి ఇరవై నాలుగేళ్ళ ముందే అచ్చయిన పుస్తకం గ్రంథాలయాల్లో ఉంది. చట్టం దాని వంక చూడలేదు.

భాష మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. రోహింగ్యా భాష చిట్టగాంగ్ యాసకి దగ్గరి చుట్టం. హిందీవాళ్ళ ‘పానీ’ అక్కడ ‘ఫానీ’ అవుతుంది. తరతరాలుగా నోటి మీదే బతికిన భాష కాబట్టి ఒక్క లిపి అంటూ స్థిరపడలేదు. అరబిక్ అక్షరాలతో కొందరు, ఉర్దూ అక్షరాలతో కొందరు, ఇంగ్లీషు అక్షరాలతో కొందరు రాసుకున్నారు. 1980లలో మౌలానా మొహమ్మద్ హనీఫ్ ఆ భాషకంటూ కొత్త లిపి తయారుచేశారు. 2018లో అది యూనికోడ్‌లో చేరింది. ఏడు లక్షల మందికి పైగా ఇల్లూవాకిలీ వదిలి పారిపోయిన మరుసటి ఏడాది వాళ్ళ అక్షరాలకి కంప్యూటర్లో చోటు దొరికింది.

మనకూ ఉంది ఒక ‘రంగం’

బర్మా తెలుగువాళ్ళకి ఇంటి కథ. ఉత్తరాంధ్రలో, గోదావరి జిల్లాల్లో రంగూన్‌ని ‘రంగం’ అనేవారు. కోరంగి రేవు పేరుమీద అక్కడివాళ్ళు మనవాళ్ళని ‘కోరంగీలు’ అన్నారు. ఆ మాట పోనుపోను తిట్టయింది. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలకీ బర్మా కూలీలకీ మధ్య రేగిన గొడవ ఊరంతా పాకి ఎందరో మనవాళ్ళ ప్రాణం తీసింది. 1942లో జపాన్ సేనలు వచ్చిపడ్డప్పుడు లక్షల మంది భారతీయులు కాలినడకన ఇంటిదారి పట్టారు. అందులో ఒక దారి అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్ వైపు సాగింది. 1962లో నె విన్ అధికారంలోకి వచ్చి దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక మిగిలినవాళ్ళు ఓడల్లో వచ్చి దిగారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేరు ఇప్పటికీ ఆ సంగతి చెబుతూనే ఉంది.

అంటే అదే దేశం, అదే ‘మీరు బయటివాళ్ళు’ అన్న మాట, అవే కొండదారులు. తేడా ఎక్కడంటే, మనవాళ్ళు తిరిగి రావడానికి ఒక ఊరుంది. దిగిన రేవులో పేరు రాసుకునే గుమాస్తా ఉన్నాడు. రోహింగ్యాలు ఏ రేవులో దిగినా రాసుకునేవాడు లేడు.

మూసిన తలుపులు

1978లో ‘నాగమిన్’ పేరుతో సైన్యం గుర్తింపు పత్రాల తనిఖీ మొదలుపెట్టింది. దాదాపు రెండు లక్షల మంది నాఫ్ నది దాటి బంగ్లాదేశ్ చేరారు. 1991–92లో మరో రెండున్నర లక్షలు. 2012 అల్లర్ల తర్వాత లక్షా నలభై వేల మందిని అరకాన్‌లోని సిట్వే చుట్టూ శిబిరాల్లో పెట్టారు. సిట్వే విశ్వవిద్యాలయం గుమ్మం రోహింగ్యా విద్యార్థులకి అప్పుడే మూసుకుపోయింది. 2017 ఆగస్టు 25 తర్వాత కొన్ని నెలల్లో ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ కొండల మీద వెదురు గుడిసెల్లోకి వచ్చి పడ్డారు. కుటుపలాంగ్ ప్రపంచంలోనే అతిపెద్ద శరణార్థి శిబిరమైంది.

అక్కడ చదువు కథ విచిత్రం. పిల్లలు బంగ్లా నేర్చుకుంటే ఇక్కడే పాతుకుపోతారని బంగ్లాదేశ్ ప్రభుత్వం భయపడింది. అందుకని శిబిరం బళ్ళలో బంగ్లా చెప్పకూడదు, బంగ్లాదేశ్ పాఠ్యప్రణాళిక వాడకూడదు. ఇంగ్లీషు, బర్మీస్, లెక్కలు చెప్పుకోవచ్చు. అవి కూడా ‘బడి’ పేరుతో కాదు, ‘లెర్నింగ్ సెంటర్’ పేరుతో. పరీక్ష లేదు, సర్టిఫికెట్ లేదు. బర్మా పాఠ్యప్రణాళిక ప్రయోగంగా మొదలయ్యేసరికి 2021 చివరికొచ్చింది. ఇక ఆడపిల్ల పెద్దమనిషి అయ్యాక చాలా ఇళ్ళలో ఆ కాస్త చదువూ ఆగిపోయేది. ఈలోగా శిబిరంలో ఇంగ్లీషుకి గిరాకీ పెరిగింది. స్వచ్ఛంద సంస్థలకీ విలేకరులకీ దుబాసీలు కావాలి. ఫోన్లో వీడియోలు చూసి, రేడియో విని ఇంగ్లీషు పట్టుకున్న కుర్రాళ్ళు ఆ పనికి దొరికారు. అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికా 1959 నుంచి పదిహేను వందల మాటల్లో, మెల్లగా, విడమరచి చదివే ఇంగ్లీషు వార్తలతో ప్రపంచమంతటా ఎందరికో పాఠం చెప్పింది. 2019లో అది రోహింగ్యా భాషలోనూ ‘లైఫ్‌లైన్’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది.

మలేషియా దారి వేరు. అండమాన్ సముద్రం మీద పడవల్లో ప్రాణాలకి తెగించి వెళ్ళినవాళ్ళు లక్షకి పైగా అక్కడ ఐక్యరాజ్యసమితి కార్డులతో ఉన్నారు. 1951 శరణార్థుల ఒప్పందం మీద మలేషియా సంతకం లేదు. ప్రభుత్వ బడి తలుపు ఆ పిల్లలకి తెరుచుకోదు. సంఘంవాళ్ళు అద్దెగదుల్లో నడుపుకునే బళ్ళే దిక్కు. అమెరికాలో ఉన్న రోహింగ్యాల్లో ఎక్కువమంది మలేషియా మీదుగా వచ్చినవాళ్ళే.

మనకి దగ్గరలో, రోహింగ్యాలు తలదాచుకున్న హైదరాబాదు బాలాపూర్ బస్తీ ఉంది. ఆ ఒప్పందం మీద భారతదేశం కూడా సంతకం చెయ్యలేదు. అయినా అక్కడి పిల్లలు కొందరు సర్కారు బళ్ళలో కూర్చుని తెలుగు అక్షరాలు దిద్దారు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, రోహింగ్యా పిల్లలు ప్రవేశం కోసం నేరుగా ప్రభుత్వ బళ్ళకి వెళ్ళవచ్చని, కాదంటే హైకోర్టు తలుపు తట్టవచ్చని చెప్పింది.

మిల్వాకీకి పాతపడ్డ పాఠం

అమెరికాలో రోహింగ్యాలు అత్యధికంగా ఉన్న నగరంగా చెప్పుకునేది మిల్వాకీ. విస్కాన్సిన్ రాష్ట్రంలో, మిషిగన్ సరస్సు ఒడ్డున, షికాగోకి గంటన్నర దూరం. అద్దె తక్కువ, ఫ్యాక్టరీ పని దొరుకుతుంది, మసీదు ఉంది, తమవాళ్ళున్నారన్న ధైర్యం ఉంది. వేరే రాష్ట్రాల్లో దిగినవాళ్ళు కూడా మూటలు సర్దుకుని అక్కడికే వచ్చారు.

ఆ ఊరికి ‘ఇంగ్లీషు రాని పిల్లలు’ కొత్తేమీ కాదు. నూట నలభై ఏళ్ళ కింద మిల్వాకీ అంటే జర్మన్ ఊరు. పత్రికలు జర్మన్‌లో, బీరు కొట్లలో కబుర్లు జర్మన్‌లో, చర్చి బళ్ళలో లెక్కలూ జర్మన్‌లోనే. 1889లో విస్కాన్సిన్ శాసనసభ బెన్నెట్ చట్టం తెచ్చింది: చదవడం, రాయడం, లెక్కలు, అమెరికా చరిత్ర ఇంగ్లీషులోనే చెప్పాలి. జర్మన్ లూథరన్లూ క్యాథలిక్కులూ ఎన్నడూ లేనిది ఒక్కటయ్యారు. 1890 ఎన్నికల్లో గవర్నర్ విలియం హోర్డ్ ఓడిపోయాడు. గెలిచినవాడు మిల్వాకీ మేయర్ జార్జ్ పెక్. 1891లో చట్టం రద్దయింది. ఇది జరిగాక కూడా ఆ జర్మన్ పిల్లలు ఇంగ్లీషు నేర్చుకోకపోలేదు. బలవంతం పోయాక తీరిగ్గా నేర్చుకున్నారు.

దేశమంతటా ఈ ఊగిసలాట సాగింది. 1906 చట్టం పౌరసత్వానికి ఇంగ్లీషు మాట్లాడటం తప్పనిసరి చేసింది. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో జర్మన్ మీద కత్తి దూశారు. 1918లో అయోవా గవర్నర్ టెలిఫోనులో కూడా ఇంగ్లీషు తప్ప మాట్లాడకూడదన్నాడు. నెబ్రాస్కాలో ఒక పదేళ్ళ పిల్లాడికి జర్మన్ చదవడం నేర్పినందుకు రాబర్ట్ మేయర్ అనే పంతులికి 25 డాలర్ల జరిమానా పడింది. 1923లో సుప్రీంకోర్టు ఆ జరిమానాకి ఆధారమైన నెబ్రాస్కా చట్టాన్ని కొట్టేసింది.

అసలు మలుపు 1974లో వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కో బళ్ళలో దాదాపు 1,800 మంది చైనీస్ పిల్లలకి ఇంగ్లీషు రాదు. ప్రత్యేకంగా నేర్పే ఏర్పాటూ లేదు. అందరితోపాటు కూర్చోబెట్టాం, అవే పుస్తకాలిచ్చాం, ఇంకేం కావాలన్నారు అధికారులు. ‘లావ్ వర్సెస్ నికల్స్’ తీర్పులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులంతా ఒక్కమాటగా చెప్పిన దాని సారాంశం ఇది: అర్థంకాని భాషలో అందరికీ ఒకే పాఠం చెప్పడం సమానత్వం కిందికి రాదు. 1981లో ‘కాస్టన్యేడా’ కేసులో అప్పీలు కోర్టు దానికి కొలబద్ద ఇచ్చింది. నేర్పే పద్ధతికి సరైన ఆధారం ఉండాలి, దాన్ని నిజంగా అమలుచెయ్యాలి, ఫలితం వస్తోందో లేదో చూడాలి. 1982లో ‘ప్లైలర్’ తీర్పు పత్రాలు లేని పిల్లలకి కూడా బడి తలుపు తెరిచింది. ఇంగ్లీషు నేర్పించమని అడగడం పిల్లవాడి హక్కయింది, నేర్పడం బడి బాధ్యత అయింది.

1975 తర్వాత వియత్నాం, లావోస్, కంబోడియాల నుంచి వచ్చినవాళ్ళ కోసం 1980 మార్చిలో కార్టర్ ప్రభుత్వం శరణార్థుల చట్టం చేసింది. అప్పట్లో ఫిలిప్పీన్స్‌లోని బటాన్‌లో, థాయిలాండ్‌లోని పనత్ నిఖోమ్‌లో శిబిరాలు పెట్టి, విమానం ఎక్కకముందే నెలల తరబడి ఇంగ్లీషు చెప్పారు. హైస్కూలు వయసు పిల్లలకి అక్కడే తరగతిగది పెట్టి, గంట కొట్టి, అమెరికన్ బడిలో ఎలా మసలుకోవాలో అలవాటు చేశారు. నలభై ఏళ్ళ తర్వాత విమానం దిగిన రోహింగ్యా కుర్రాడికి అంత భాగ్యం లేదు. కొద్ది రోజుల పరిచయ తరగతి, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి నిండా కాగితాలు, అంతే.

నాలుగు గళ్ళు

ఆ కాగితాల సంచితో బడి ఆఫీసుకి వచ్చిన పదిహేడేళ్ళ కుర్రాణ్ణి ఒకణ్ణి ఊహించుకుందాం. ఎదుట ఫారం ఉంది. నాలుగు గళ్ళు నింపాలి.

మొదటిది ఇంటిపేరు. రోహింగ్యాలకి ఇంటిపేర్లు లేవు. ఉన్న రెండు మాటల్లో రెండోదాన్ని ఇంటిపేరు చేస్తారు. తండ్రిది ఒకటి, తల్లిది ఒకటి, కొడుకుది ఇంకొకటి. ఒకే ఇంట్లో అయిదు ఇంటిపేర్లు. పాస్‌పోర్టులో గడి ఖాళీగా వదిలేసి, వీసా మీద ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని తెచ్చుకుని, దాన్నే తన మొదటి పేరుగా భరించిన తెలుగువాళ్ళకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

రెండోది పుట్టినతేదీ. జనవరి 1. అక్కకీ జనవరి 1. నాన్నకీ జనవరి 1. పుట్టినప్పుడు రాసుకునేవాడు లేకపోతే, తర్వాత రాసుకునేవాడు వేసే తేదీ అది. ఏడాది అటూఇటూ అయితే తరగతే మారిపోతుంది. ఇరవై, ఇరవై ఒకటి వచ్చేదాకే ఉచిత హైస్కూలు చదువు కాబట్టి, ఎవరో గుమాస్తా ఉజ్జాయింపుగా వేసిన అంకె ఆ పిల్లవాడికి ఎన్నేళ్ళ చదువు మిగిలిందో తేలుస్తుంది.

మూడోది ఇంటిభాష. దేశం బర్మా అని చూసి ‘బర్మీస్’ అని రాసేస్తే, దుబాసీగా బర్మీస్ మాట్లాడే మనిషి వస్తాడు. మలేషియాలో పెరిగిన పిల్లవాడికి అది ఒక్క ముక్క రాదు. ‘రోహింగ్యా’ అని రాయించుకోవడానికి ఆ ఇల్లు పట్టుబట్టాలి. ఈ గడితో మన పిల్లలకీ పేచీ ఉంది. ఇంటిభాష తెలుగు అని నిజం రాసినందుకు, హైదరాబాదులో ఇంగ్లీషు మీడియం చదివిన పిల్లని కూడా ఇంగ్లీషు పరీక్షకి కూర్చోబెడతారు.

నాలుగోది, చివరగా చదివిన తరగతి. ఇక్కడ కలం ఆగిపోతుంది. మదర్సాలో మూడేళ్ళు, అద్దెగది బడిలో రెండేళ్ళు, తర్వాత కట్టడం పనిలో, హోటల్లో. ఇది ఏ తరగతి కింద లెక్క? అమెరికా విద్యాశాఖలు ఇలాంటివారికి ‘చదువు మధ్యలో తెగిన విద్యార్థులు’ అని ఒక పేరు పెట్టాయి. పేరు పెట్టడం మంచిదే, పాఠం వేరుగా చెప్పాలని తెలుస్తుంది. కానీ పదిహేడేళ్ళవాణ్ణి వయసు చూసి హైస్కూల్లో వేస్తే పొద్దున బీజగణితం, మధ్యాహ్నం జీవశాస్త్రం, మధ్యలో ఒక గంట అక్షరాలు.

ఆపైన పరీక్ష. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం నుంచే నడిచే ‘విదా’ అనే వ్యవస్థ చాలా రాష్ట్రాల్లో ఇంగ్లీషు నేర్చుకునే పిల్లల్ని ఏటా పరీక్షించి ఒకటి నుంచి ఆరుదాకా స్థాయి వేస్తుంది. మన కుర్రాడికి వచ్చింది ఒకటి. ఇంట్లో రోహింగ్యా, మసీదులో అరబిక్ అక్షరం, కౌలాలంపూర్ బజారులో మలయ్ బేరం, హిందీ సినిమా పాటలు. ఇన్ని వచ్చినవాడి చేతిలోని కాగితం మీద ‘1’ అని ఉంది. ఆ అంకె తప్పు కాదు, ఇంగ్లీషు అంతే వచ్చు. తప్పల్లా దాన్ని పిల్లవాడి మొత్తం విలువగా చదవడంలో ఉంది. మంచి టీచరు అలా చదవదు. కొత్తగా వచ్చినవాళ్ళ తరగతిలో ఆమె మొదట నేర్పేది ‘మై నేమ్ ఈజ్’. ఆ పిల్లలకి అది ఉత్త వ్యాకరణం పాఠం కాదని అనుభవం ఉన్న టీచర్లకి తెలుసు.

షికాగో రోజర్స్ పార్క్‌లోని సల్లివన్ హైస్కూల్లో 2017–18 విద్యా సంవత్సరాన్ని ఆధారం చేసుకుని ఎల్లీ ఫిష్‌మన్ 2021లో ‘రెఫ్యూజీ హై’ అనే పుస్తకం రాసింది. పదుల దేశాల పిల్లలు ఒకే కప్పు కింద చదివే ఆ బడి కథ చదివితే, అక్కడ ఇంగ్లీషు పాఠం ఒక వంతు పనే అని తెలుస్తుంది. మిగతా వంతులన్నీ కోటు కొనిపెట్టడం, బడి మానేసిన పిల్ల ఇంటికి వెళ్ళి తలుపు తట్టడం.

ఇంటి దుబాసీలు

ఆరు నెలలు గడిచేసరికి పిల్లలు ఇంటికి దుబాసీలవుతారు. కరెంటు బిల్లు, ఇంటి యజమాని నోటీసు, తమ్ముడి బడి నుంచి ఫోను, అమ్మకి ఆసుపత్రి. పన్నెండేళ్ళ పిల్ల డాక్టరు చెప్పిన జబ్బు పేరు తల్లికి చెప్పాలి. ఇది పిల్లల చేత చేయించే పని కాదని అమెరికాకి తెలుసు. అత్యవసరమైతే తప్ప చిన్నపిల్లల్ని దుబాసీలుగా వాడకూడదని 2016లో ఆరోగ్యరంగానికి నిబంధన పెట్టింది. అయినా రోహింగ్యా దుబాసీ దొరకని ఊళ్ళలో ఆ భారం పిల్లల మీదే పడుతోంది. ఇంగ్లీషు వచ్చినకొద్దీ ఇంట్లో పిల్లల మాట పెరుగుతుంది, తండ్రి మాట తగ్గుతుంది. ఇంగ్లీషు చదువుకి ఇళ్ళు చెల్లించే ఈ ధర మార్కుల పట్టికల్లో కనిపించదు.

ఇలాంటి పిల్లల గురించి రాసేటప్పుడు అందరూ వాడే మాట ‘రెజీలియన్స్’. మనం ఫిజిక్సులో స్థితిస్థాపకత అని చదువుకున్నాం: సాగదీసి వదిలితే వస్తువు మళ్ళీ మొదటి రూపానికి రావడం. ఈ పిల్లలకి తిరిగి రావడానికి ఆ మొదటి రూపం ఏది? కాలిపోయిన ఊరా, వెదురు గుడిసా? వీళ్ళు తిరిగి రావడం లేదు, కొత్తగా కట్టుకుంటున్నారు.

ఆ కట్టుకోవడానికి ఏం కావాలో చెప్పిన పాత పరిశోధన ఒకటుంది. ఎమీ వెర్నర్ అనే శాస్త్రవేత్త హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని దశాబ్దాల తరబడి గమనించింది. పేదరికం, ఇంట్లో గొడవలు, జబ్బులు చుట్టుముట్టిన పిల్లల్లో కూడా దాదాపు మూడోవంతు మంది చక్కగా ఎదిగారు. వాళ్ళ వెనుక విడవకుండా పట్టించుకున్న పెద్దమనిషి కనీసం ఒకరున్నారు: అమ్మమ్మో, పక్కింటావిడో, టీచరో. 2001లో ఆన్ మాస్టెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఇదే సంగతిని ఇంకో విధంగా చెప్పింది. నిలదొక్కుకోవడం అద్భుతశక్తి కాదు, మామూలు ఏర్పాట్లు మామూలుగా పనిచేస్తే వచ్చే ఫలితం. మామూలు ఏర్పాట్లంటే ఇల్లు, బడి, గంట కొట్టే వేళ, పేరు పిలిచే మనిషి.

అలా నిలబడినవాళ్ళ మాట ప్రపంచం విన్నది కూడా ఇంగ్లీషులోనే. రంగూన్‌లో లా చదువుతుండగా కుటుంబంతో సహా జైలుపాలై ఏడేళ్ళు లోపలున్న వై వై ను అనే రోహింగ్యా యువతి 2012లో విడుదలైంది. తర్వాత బర్కిలీలో న్యాయశాస్త్రం చదివింది. శిబిరంలో గుడిసె గుడిసెకీ తిరిగి చనిపోయినవారి పేర్ల జాబితా కట్టించిన మాస్టారు మొహిబుల్లా 2019 జులైలో శ్వేతసౌధంలో నిలబడి ఇంగ్లీషులోనే తనవాళ్ళ సంగతి అడిగాడు. 2021 సెప్టెంబరులో ఆయన్ని శిబిరంలోనే కాల్చిచంపారు. 2022 మార్చి 21న అమెరికా విదేశాంగమంత్రి ఆంటొనీ బ్లింకెన్, రోహింగ్యాల మీద జరిగింది జాతిహత్యేనని ప్రకటించాడు. 2025 సెప్టెంబరు 30న న్యూయార్కులో ఐక్యరాజ్యసమితి సమావేశంలో వై వై నుతోపాటు మాట్లాడిన మౌంగ్ సాయెద్దొల్లా కాక్స్ బజార్ శిబిరం నుంచి వచ్చిన యువకుడు, రోహింగ్యా స్టూడెంట్స్ నెట్‌వర్క్ స్థాపకుడు, అప్పటికి న్యూయార్క్ విశ్వవిద్యాలయం విద్యార్థి.

గాలి మారిన ఏడాది

2009 నుంచి 2023 దాకా అమెరికా చేర్చుకున్న రోహింగ్యాలు సుమారు 13 వేలు. 2022 డిసెంబరులో బంగ్లాదేశ్ శిబిరాల నుంచి నేరుగా తీసుకోవడం మళ్ళీ మొదలైంది. శిబిరాల్లోని పది లక్షల మందితో పోలిస్తే ఇది చెంచాడు నీళ్ళు. ఆ చెంచా కూడా 2025లో బోర్లా పడింది. జనవరి 20 నాటి ఆదేశంతో శరణార్థుల రాక ఆగింది. మార్చి 1న ఇంగ్లీషుని అమెరికా అధికార భాషగా ప్రకటించారు. ఇంగ్లీషు రానివారికి సేవలు అందించాలన్న 2000 నాటి ఆదేశాన్ని రద్దుచేశారు. అదే నెలలో విద్యాశాఖలో ఇంగ్లీషు నేర్చుకునేవారి విభాగం దాదాపు ఖాళీ అయింది. వాయిస్ ఆఫ్ అమెరికా మూగబోయింది. కొత్తగా వచ్చిన శరణార్థులకి ఇచ్చే నగదు సాయం గడువు 12 నెలల నుంచి 4కి దిగింది. జూన్‌లో బర్మా పౌరుల రాక మీద నిషేధం పడింది. అదే జూన్‌లో నిధులు ఎండిపోయి కాక్స్ బజార్‌లో లెర్నింగ్ సెంటర్లు మూతపడ్డాయి, వెయ్యిమందికి పైగా పంతుళ్ళు ఇంటిదారి పట్టారు. 2026 ఆర్థిక సంవత్సరానికి శరణార్థుల గరిష్ఠ పరిమితి 7,500. 2024లో వచ్చినవాళ్ళు లక్ష.

2025 అక్టోబరు నుంచి పౌరసత్వ పరీక్ష కూడా మారింది. ఇదివరకు వంద ప్రశ్నల్లోంచి పది అడిగి ఆరుకి జవాబు చెబితే చాలనేవారు. ఇప్పుడు 128లోంచి ఇరవై అడుగుతారు, పన్నెండు చెప్పాలి. ఇంగ్లీషు అందరికీ రావాలి అన్న ఏడాదిలోనే ఇంగ్లీషు నేర్పే చేతులు తగ్గించారు. బెన్నెట్ చట్టం మళ్ళీ వచ్చినట్టుంది, ఈసారి ఓటు వేసి ఓడించడానికి పౌరసత్వం లేనివాళ్ళ మీదికి.

చివరికి తేలేది

రెండు వందల ఏళ్ళ ఈ దారి మొత్తం చూశాక నాకు తోచేది ఒకటే. అమెరికాలో ఇంగ్లీషు చదువు సవ్యంగా సాగింది దాన్ని పిల్లవాడి హక్కుగా ఒప్పుకున్న రోజుల్లో. షరతుగా పెట్టినప్పుడల్లా గొడవా భయమూ మిగిలాయి. రోహింగ్యా యువత నిలదొక్కుకున్నది నిజం. కానీ ‘వాళ్ళెంత గట్టివాళ్ళో’ అని మెచ్చుకుని చేతులు దులుపుకోవడం, ఆ గట్టితనం వెనకున్న టీచర్నీ బడినీ సాయాన్నీ తీసేయడానికి సాకు కాకూడదు.

ఇంగ్లీషు మెట్టెక్కి అమెరికాలో స్థిరపడ్డ జాతుల్లో మనమూ ఒకరం. ఆదివారం ఆదివారం మనబడి పెట్టుకుని పిల్లలకి అఆలు దిద్దించే ఓపికా మనకుంది. ఆ ఓపికలో వారానికి ఒక గంట చాలు, పక్కవీధి కేంద్రంలో ఒక పిల్లవాడి పక్కన కూర్చుని చదివించడానికి. వెళ్ళినప్పుడు మొదట పేరు అడగండి, వాళ్ళు పలికినట్టే పలకండి, వాళ్ళు చెప్పినట్టే రాయండి.